వెల్‌నెస్ కోచ్ అంటే పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పొద్దున్నే మీ పేపర్ తెరవగానే మధ్యలోంచి ఒక రంగు కరపత్రం జారి కింద పడుతోంది. ఒక పక్క లావుగా ఉన్న మనిషి, ఇంకో పక్క అదే మనిషి సన్నగా, కింద 'నెలలో 10 కిలోలు గ్యారంటీ, మా వెల్‌నెస్ కోచ్‌ని కలవండి' అని ఒక ఫోన్ నంబరు. అడ్రస్ ఉండదు, ఆ కోచ్ ఏం చదువుకున్నారో ఉండదు. ఇవి మీ ఆఫీసులో పెట్టేవి కాదనీ, బయట ఏజెంట్ల దగ్గర కలుపుతారనీ నాకు తెలుసు. అయినా మీ పేపర్‌తో పాటు ఇంట్లోకి వస్తున్నాయి కాబట్టి జనం 'పేపర్లో వచ్చింది' అనే నమ్ముతున్నారు. అందుకే మీకే రాస్తున్నాను.

వెల్‌నెస్ కోచ్ అంటే మన తిండి, నడక, అలవాట్లు మార్చుకోవడానికి పక్కనుండి దారి చూపే మనిషి. పని తెలిసిన కోచ్ ఒకరు పక్కనుంటే ఎంత మేలు జరుగుతుందో నేను సొంతంగా చూశాను, అందుకే అదే పేరు పెట్టుకుని బరువు తగ్గే పౌడర్ డబ్బాలు అమ్మేవాళ్లను చూస్తే కోపం ఆగదు.

నాది కొర్లగుంటలో చిన్న టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల సీజన్ వస్తే పొద్దున కూర్చున్న మనిషిని రాత్రి షట్టర్ దించేదాకా మిషన్ దగ్గరే ఉంటాను, అన్నం కూడా అక్కడే. యాభై దాటాక మోకాళ్లు పట్టేయడం మొదలైంది, షుగర్ బార్డర్‌లో ఉందన్నారు. 'బరువు తగ్గాలమ్మా, రోజూ నడువు' అని డాక్టర్ గారు చెప్పారు. ఆయన చెప్పింది నిజమే, బయట అంతమంది పేషెంట్లు కాచుకుని ఉంటే అంతకంటే ఆయన మాత్రం ఏం చెప్తారు. కానీ ఎప్పుడు నడవాలి, మోకాలు నొప్పెడుతుంటే ఎట్లా నడవాలి, ఆర్డర్లు మీద పడ్డ వారంలో ఏం చెయ్యాలి, ఇవన్నీ ఎవర్ని అడగాలి? ఇంట్లోవాళ్లను అడిగితే తలా ఒకటి చెప్తారు. ఫోన్ తెరిస్తే వెయ్యిమంది వెయ్యి రకాలుగా చెప్తారు.

మా బ్లౌజుల కస్టమర్ ఒకావిడ వాళ్ల బంధువులమ్మాయి దగ్గరికి పంపింది. ఆ అమ్మాయి ఫిజియోథెరపీ చదివి, తర్వాత కోచింగ్‌లో ట్రైనింగ్ తీసుకుంది. నేను వెళ్లగానే మిషన్ ఎక్కించి బరువు చూస్తుందనుకున్నా. బరువు ఊసే ఎత్తలేదు. నా రోజు ఎట్లా గడుస్తుందో అడిగింది, ఎన్నింటికి లేస్తాను, షాపుకి ఎట్లా వస్తాను, రాత్రి ఎన్నింటికి తింటాను, ఏ మాత్రలు వాడుతున్నాను, నిద్ర పడుతుందా అని. అన్నీ రాసుకుని చివర్లో 'అక్కా, ఒంట్లో బాగుంటే మీకు ఏం చెయ్యాలని ఉంది?' అంది. నన్ను అంతకు ముందు ఎవరూ ఆ మాట అడగలేదు. నా కూతురి కాన్పు అప్పుడు మొక్కుకున్న మొక్కు ఒకటి ఉండిపోయింది, శ్రీవారి మెట్టు దారిలో నడిచి కొండెక్కాలని. అదే చెప్పాను. 'అయితే మనకి అదే లెక్క, కిలోలు తర్వాత చూసుకుందాం' అని పుస్తకంలో రాసుకుంది.

అలిపిరి దారి అయితే సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు అయితే సుమారు 2,400. మెట్లు తక్కువ కదా అని శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్లేవాళ్లు చాలామంది, కానీ ఆ దారి నిట్టనిలువుగా ఉంటుంది. అలిపిరిలో గాలిగోపురం దాటాక చాలా దూరం సులువుగా నడవచ్చు, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గరే కష్టం. గుండె జబ్బు, బీపీ, షుగర్, ఆయాసం ఉన్నవాళ్లు, వయసు మళ్లినవాళ్లు కాలినడకన రాకపోవడం మంచిదని టీటీడీ కూడా సూచించింది. అందుకని ఆ అమ్మాయి నన్ను ముందు డాక్టర్ దగ్గరికే పంపింది. ఈసీజీ తీయించి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టింది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మొదటి పని షాపులోనే. ఒక బ్లౌజు అయిపోగానే స్టూలు మీంచి చేతులు ఆనించకుండా లేవాలి, మెల్లగా కూర్చోవాలి, మళ్లీ లేవాలి. మొదట్లో టేబుల్ పట్టుకోకుండా లేవడం నావల్ల కాలేదు, అప్పుడు స్టూలు మీద మడత పెట్టిన దుప్పటి వేసి ఎత్తు పెంచింది, కొన్నాళ్లకు ఆ దుప్పటి తీసేసింది. మోకాలికి బలం తొడ కండ నుంచి వస్తుందని, నొప్పి ఉందని పూర్తిగా కూర్చుండిపోతే కండ తగ్గి నొప్పి ఇంకా జాస్తి అవుతుందని విడమరచి చెప్పింది. తర్వాత ప్రకాశం పార్కులో నడక. ఎంత స్పీడుగా నడవాలి అని అడిగితే వాచీలు, యాప్‌లు ఏమీ చెప్పలేదు. 'నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అంత స్పీడు చాలు' అంది. మెట్ల దగ్గరికి వచ్చాక కూడా అదే గుర్తు, గోవింద నామం నోట పలకడానికి ఊపిరి చాలకపోతే పక్కన కూర్చో, ఎవరితోనూ పోటీ లేదు. అలిపిరి పాదాల మండపం నుంచి కొంచెం ఎక్కి దిగడం, వారం వారం ఇంకొంచెం. దిగేటప్పుడే మోకాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుందని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి దిగమని అక్కడే నిలబడి చూపించింది.

వారానికి కనీసం 150 నిమిషాలు ఇట్లాంటి నడకో పనో ఉండాలని, దానితో పాటు రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. వినడానికి ఇంతే, కానీ దాన్ని నా షాపుకి, నా మోకాలికి, నా ఆర్డర్లకి సరిపోయేట్టు ముక్కలు చేసి ఇవ్వడమే కోచ్ పని. శ్రావణమాసంలో నాకు ఊపిరి తిరగలేదు, పార్కు మొహం చూడలేదు. ఆ అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. 'ఈ నెల నడక వద్దు, స్టూలు పని ఒక్కటి వదలకండి' అని ప్లాన్ మార్చేసింది. తిట్టి ఉంటే నేను మళ్లీ ఆ గడప తొక్కేదాన్ని కాదేమో.

తిండి విషయం కూడా చెప్పాలి, మోసాలన్నీ జరిగేది అక్కడే. మాది సంగటి తినే ఇల్లు. సంగటి మానేసి పౌడర్ కలిపిన షేక్ తాగమని ఆమె చెప్పి ఉంటే మా అత్త ఊరుకునేది కాదు, 'ముద్ద లేకపోతే కడుపెట్ల నిండుతుంది మే' అనేది. మానమని చెప్పలేదు. ముద్ద సైజు తగ్గించి, పక్కన పులగూరో ఆకుకూర పప్పో రెట్టింపు చేసి, అలసందలు, ఉలవలు, గుడ్డు ఏదో ఒకటి రోజూ ఉండేట్టు చూసుకోమంది. చలికాలంలో అనపగింజలు, పితికిపప్పు ఉండనే ఉన్నాయి. చెనక్కాయల ఊరిబిండి, అంటే పచ్చడి, కూడా తినొచ్చు, గిన్నెతో కాదు చెంచాతో. ప్లేటులో సగం కూరగాయలు, పళ్లు ఉండాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో ఉంది. కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దని కూడా అందులోనే ఉంది. కరపత్రాల వాళ్లు ఈ సంగతి ఎందుకు చెప్తారు.

బరువుకి బదులు నడుము కొలత చూసుకోమంది, అదీ నా టేపుతోనే. ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ తీసే నేను నాది ఎప్పుడూ తీసుకోలేదు. అడుగు పక్కటెముకకి, తుంటి ఎముకకి మధ్యలో టేపు పెట్టి, కడుపు లోపలికి లాగకుండా, ఊపిరి వదిలి చూడాలి. మనవాళ్లలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే షుగర్, గుండె జబ్బు ముప్పు పెరిగినట్టు లెక్క. 80 అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. ఈ లెక్క తెలిశాక నా షాపుకి వచ్చేవాళ్లకి చెప్పకుండా ఉండలేకపోతున్నా.

పోయిన మాఘమాసంలో నా కూతురితో కలిసి శ్రీవారి మెట్టు ఎక్కాను, ఆగి ఆగి, కూర్చుంటూ. బరువు కూడా తగ్గింది, నెమ్మదిగా.

ఇక రెండో రకం, డబ్బాలు అమ్మే కోచ్‌ల సంగతి. మా వీధిలో ఒకావిడకి షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. 'కోచ్' అని చెప్పుకునే ఒకరు ఆమెను పొద్దున పూట షేక్ తాగే చోటికి తీసుకెళ్లారు. డబ్బాలకి నెలకి వేలు పోశారు. షేక్ తాగుతున్నావు కదా మాత్రలు ఆపెయ్ అన్నారట, ఆపేసింది. చివరికి రాత్రిపూట ఆటోలో ఆసుపత్రికి ఎత్తుకుని పోవాల్సి వచ్చింది, షుగర్ అంతగా పెరిగిపోయింది. ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది, షుగర్ మాత్రల్లో కొన్ని వేసుకుంటూ తిండి ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోతారు. ఏది పెంచాలో ఏది తగ్గించాలో డాక్టర్ చూడాలి. మా కోచ్ ఈ విషయంలో చాలా గట్టి. అమెరికాలో ఈ పనికి ఒక నేషనల్ బోర్డు ఉంది, 2017 నుంచి పరీక్ష పెడుతున్నారు, కోచ్ అనేవాళ్లు జబ్బు నిర్ధారణ చెయ్యకూడదు, మందులు రాయకూడదు అని అక్కడ నియమం అని ఆమే చెప్పింది. మన దగ్గర డాక్టర్‌కి, నర్సుకి రిజిస్ట్రేషన్ ఉంది. వెల్‌నెస్ కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి అట్లాంటిదేమీ అడిగేవాళ్లు లేరు, ఎవరైనా పెట్టుకోవచ్చు. అందువల్ల చూసుకోవాల్సింది మనమే. ఏం చదివారు, డాక్టర్‌తో మాట్లాడతారా, ఏదైనా వస్తువు కొనాల్సి ఉంటుందా, ఫీజు ఎంత అని ముందే అడగండి. కోచ్ తన ఫీజు తీసుకోవడం న్యాయం, ఆమె కష్టం అది. డబ్బా మీద కమీషన్ తీసుకునేవాళ్లు మన ఒంటికి ఏది కావాలో ఎట్లా చెప్తారు? ఇప్పటికే ఇంట్లో డబ్బా ఉంటే వెనక చిన్న అక్షరాలు చదవండి, ఇట్లాంటి హెల్త్ సప్లిమెంట్ల మీద వైద్యానికి వాడేది కాదని రాయడం రూలు. ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రతా సంస్థ, నంబరు ఉందని చూపిస్తారు, అది తినే వస్తువుకి ఇచ్చేది, మందుకి కాదు. మోసపోయినవాళ్లు 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు 2023లో ప్రచురించిన సర్వే ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది నాలాగా బార్డర్‌లో ఉన్నారు. ఇంతమందికి డబ్బు పెట్టి కోచ్‌ని పెట్టుకునే స్థోమత ఎక్కడుంది? పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ ఉచితంగా చూస్తున్నారు, మంచి పని. చూసి చీటీ రాసిచ్చాక ఆ మనిషి ఇంటికెళ్లి ఏం చెయ్యాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేరు. మన ఊళ్లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోంసైన్స్ చెప్తున్నారు, ఎస్వీ యూనివర్సిటీ ఉంది, ఫిజియోథెరపీ చదివే పిల్లలున్నారు, స్విమ్స్, రుయా ఆసుపత్రులు ఉన్నాయి. వారానికి ఒక పూట ఒక్కో ఆరోగ్య కేంద్రంలో ఈ పిల్లల్ని వాళ్ల టీచర్ల పర్యవేక్షణలో కూర్చోబెడితే కార్పొరేషన్‌కి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పూట సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. కూలికి పోయేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు పొద్దున పదింటికి రాలేరు.

మీ పేపర్‌ని అడిగేది రెండే. షుగర్ నయం చేస్తామని, లావు తగ్గిస్తామని చెప్పి మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచే చట్టం ఉంది. మీ ఏజెంట్లకి ఒక సర్క్యులర్ పంపండి, ఇట్లాంటి కరపత్రాలు పేపర్లో పెట్టొద్దని. రెండోది, జిల్లా ఎడిషన్‌లో వారానికి ఒక అర పేజీ ఇవ్వండి, మన తిండితో, మన పనులతో ఒంటిని ఎట్లా చూసుకోవాలో అర్హత ఉన్నవాళ్లతో రాయించండి. రోజంతా కూర్చుని పనిచేసేవాళ్ల మోకాళ్ల గురించి మొదటి వారమే రాయిస్తే మా వీధిలో టైలర్లందరం కత్తిరించి గోడకి అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి.