ఏరు అంటే నీళ్ళు

మోటు,
మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా,
శ్రావణ శుక్రవారం.

చిరంజీవి అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, ఊడ్పుల వేళకు గట్టు మీద నిలబడగలుగుతున్నారు. శబరి రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది.

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితాలు చేరాయి. ఒడియాలో ఉన్నవి నేనే చదువుకున్నాను. ఇంగ్లీషువి తమ్ముడు చదివి చెప్పాడు. బెంగాలీ శరణార్థుల ఊళ్ళు, కోయ గూడేలు, బోండా కొండల మీది పల్లెలు, బలిమెల జలాశయం అవతలి పల్లెలు, వీటన్నిటిలో మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల చదువుకు నిన్ను సమన్వయకర్తగా వేశారని విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషమే తల్లీ. అంగన్‌వాడీ కార్యకర్తగా, తరువాత సూపర్‌వైజరుగా ఇరవై తొమ్మిదేళ్ళు చేసినదాన్ని, ఆ పని బరువు తెలుసు కాబట్టి దిగులు కూడా కలిగింది. ఫోనులో చెప్పబోతే మాట మధ్యలోనే తెగిపోతోంది. అందుకని రాస్తున్నాను.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాట మీ కాగితం మొదటి పేజీలోనే ఉంది. బాగుంది. రెండో పేజీలో మొదటి నెల పనులు వరుసగా రాశారు: సర్వే, పేర్ల నమోదు, ఆట వస్తువుల పంపిణీ, శిక్షణ. ఈ వరుస మీద నాకు అభ్యంతరం ఉంది. పేర్ల నమోదుతో మొదలుపెట్టవద్దు.

ఎం.వి. 79 లాంటి ఊళ్ళను చూసి, ఊరికి పేరు లేకుండా అంకె ఎందుకు పెట్టారని చిన్నప్పుడు నన్ను అడిగేదానివి. అప్పుడు పెద్దయ్యాక చెబుతానన్నాను. 1958లో కేంద్ర ప్రభుత్వం దండకారణ్య ప్రాజెక్టు పెట్టి, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను అడవి కొట్టించిన నేలల్లో దింపింది. మల్కన్‌గిరి విలేజ్ అని రెండు అక్షరాలు, పక్కన ఒక అంకె, అదే ఊరి పేరైంది. నదుల మధ్య పుట్టి, చేపతో అన్నం తిని పెరిగిన మనుషులు వాళ్ళు. ఈ ఎర్రనేల వాళ్ళకు చాలాకాలం పరాయిదిగానే ఉండిపోయింది. 1978లో దండకారణ్యపు ఊళ్ళు వదిలి వేలమంది సుందరవనాల్లోని మరీచ్‌ఝాంపి దీవికి తరలిపోయారు. మరుసటి ఏడు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం వాళ్ళను ఖాళీ చేయించింది. బతికినవాళ్ళలో చాలామందిని మళ్ళీ ఈ అడవులకే పంపించారు.

నేను సూపర్‌వైజరైన కొత్తలో కలిమెల దగ్గర అలాంటి ఒక ఊరికి వెళ్ళాను. ఒక ముసలమ్మ మనవణ్ణి కొంగు చాటుకు లాక్కుని, నా చేతిలోని రిజిస్టరు వంక చూపిస్తూ అడిగింది: "దిదిమొణీ, పేరు రాసుకున్నాక వీణ్ణి ఎక్కడికి పంపుతారు?" మొదట నాకు అర్థం కాలేదు. తరువాత ఆమే చెప్పుకొచ్చింది. కలకత్తా సియాల్దా స్టేషనులో పేరు రాసుకున్నారు, రాయపూర్ దగ్గర మానా శిబిరానికి పంపారు. అక్కడ పేరు రాసుకున్నారు, మల్కన్‌గిరికి పంపారు. మరీచ్‌ఝాంపి నుంచి వెనక్కి పంపేటప్పుడూ రాసుకున్నారు. ఆమె పేరు ఎవరు రాసుకున్నా ఆమె ఇల్లు లేచిపోయింది.

పది రోజులు రిజిస్టరు ఇంట్లో వదిలిపెట్టి వెళ్ళాను. వాళ్ళ అరుగు మీద కూర్చుని పిల్లలతో చింతగింజల ఆట ఆడాను. ఆ ముసలమ్మ చేతనే పాటలు పాడించుకున్నాను. పదకొండో రోజున ఆమే వచ్చి మనవడి పేరు చెప్పింది, రాసుకోమంది, సరిగ్గా రాశానో లేదో ఇంకొకరి చేత చదివించుకుని మరీ వెళ్ళింది. మీ లెక్కల్లో ఆ పది రోజులకు గడి లేదు. నువ్వు అడిగి పెట్టించుకో.

ఇప్పుడు చెప్పబోయేది ఇన్నేళ్ళూ నీకు చెప్పనిది.

నేను కార్యకర్తగా చేరిన రెండో ఏడు, రోహిణి కార్తె. మన మోటు పక్కన కోయ గూడెంలో కేంద్రం. శబరి అవతలి నుంచి వచ్చి చుట్టాల ఇంట్లో తలదాచుకుంటున్న కుటుంబం ఒకటి ఉండేది. వాళ్ళ పాప, నాలుగేళ్ళది, ఆ వారమే కేంద్రానికి రావడం మొదలుపెట్టింది. పొద్దెక్కాక నా దగ్గరకు వచ్చి "ఏర్, ఏర్" అంది. ఏటికి పోతానంటోంది అనుకున్నాను. గూడెం పక్కనున్న ఏటి మడుగులో అంతకు ముందు ఏడే ఒక పిల్లవాడు మునిగిపోయాడు. ఆ భయం నా గుండెల్లో ఉంది. "ఏటికి పోకూడదు" అని గట్టిగా కసిరి, తలుపు గడియ పెట్టాను. మళ్ళీ వచ్చి అడిగింది. మళ్ళీ కసిరాను. మూడోసారి అడగలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నం పెట్టే వేళకు చూస్తే ఒళ్ళు కాలిపోతోంది, కళ్ళు తేలేసింది.

పెద్ద పిల్ల ఒకతె పరుగెత్తుకొచ్చి చెప్పింది. కోయ మాటలో ఏరు అంటే నీళ్ళు.

నీళ్ళ కుండ నా వెనకే ఉంది. మూత పెట్టి, పైన గ్లాసు బోర్లించి ఉంది.

చెంచాతో ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు తాగిస్తూ సాయంత్రం దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాప తేరుకుంది. కాని మరునాడు రాలేదు. వాళ్ళ ఇంటికి వెళితే తల్లి కోపగించుకోలేదు, నా ముఖం వంక చూడకుండా "అడిగిందట, మీరు ఇవ్వలేదట" అంది, అంతే. ఆ పిల్ల మళ్ళీ నా దగ్గరకు రావడానికి రెండు నెలలు పట్టింది.

తెలుగు, కోయ ఒకే కుదురు భాషలు. బెంగాలీ పిల్ల "జొల్" అని ఉంటే నాకు తెలియదని నాకు తెలిసేది, పక్కవాళ్ళను అడిగేదాన్ని. ఏరు మన మాటే కాబట్టి తెలుసనుకున్నాను. అమ్మాయీ, నీకు తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు అన్నీ వచ్చు. నీకూ నాలాగే తెలుసనిపిస్తుంది. అప్పుడు ఆ కుండను గుర్తు చేసుకో.

ఆ తరువాత ఏ కేంద్రానికి వెళ్ళినా నేను మొదట చూసింది ఒక్కటే. అక్కడి ప్రతి పిల్లా దాహం, ఆకలి, బయటికి పోవాలి, నొప్పి, భయం, ఈ అయిదూ తన మాటలో చెబితే అర్థం చేసుకునే మనిషి అక్కడ ఉందా లేదా? ఉంటే గోడ మీద బొమ్మలు లేకపోయినా చదువు మొదలైనట్టే. లేకపోతే మీరు పంచే ఆట వస్తువులను పిల్లలు తాకను కూడా తాకరు. ప్రతి కేంద్రంలో ఆ పల్లె స్త్రీ ఒకతె జీతం మీద ఉండాలి. పదో తరగతి పాసు కాలేదని ఎవరైనా అడ్డు చెబితే ఈ ఉత్తరం చూపించు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. పర్లాకిమిడిలో మాస్టరుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. ఒడిశా ప్రభుత్వమూ 2006 నుంచి పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టింది, ఆ తరువాత అంగన్‌వాడీలకు ఆ భాషల్లో పాఠ్యక్రమం తెచ్చింది. పుస్తకాలు వచ్చాయి. పుస్తకంలోని భాష కేంద్రంలో ఎవరి నోటినుంచీ రాకపోతే అవి బీరువాలోనే ఉంటాయి. నేను చూశాను.

నువ్వు మొన్న బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ సంగతి చెప్పావు కదా, 2017 తరువాత మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా పిల్లలకు బ్రాక్ సంస్థ పెట్టిన ఆటల కేంద్రాల్లో ఆ తల్లుల పాటలే పాడిస్తున్నారని. అది విన్నప్పుడు ఆ బెంగాలీ ముసలమ్మే గుర్తొచ్చింది. నువ్వు కూడా పాటలు బయటినుంచి తేవద్దు, ప్రతి ఊళ్ళో అవ్వల నోట ఉన్నాయి.

ఇక కార్యకర్తల విషయం. వాళ్ళకు పోటీగా పక్కనే ఇంకో కేంద్రం తెరవకు. బరువు తూచాలి, గుడ్డు పెట్టాలి, టీకా రోజు చూడాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి, దాని పైన చదువు కూడా ఆమె మీదే పడింది. ఆమె పక్కన చేయందించే మనిషిని నిలబెట్టు. కొత్త కేంద్రం కావలసింది కేంద్రమే లేని చోట. కొండ ప్రాంతాల్లో 300 మంది జనాభా ఉంటే అంగన్‌వాడీ, 150 ఉంటే చిన్న కేంద్రం అని నియమం. పది పన్నెండు ఇళ్ళ పల్లెలు ఏ లెక్కలోకీ రావు, పక్క ఊరి కేంద్రానికి పోవాలంటే నడుమ వాగు. 2018లో గురుప్రియ వంతెన పడేదాకా జలాశయం అవతలి 151 పల్లెలకు లాంచీయే దిక్కు. వంతెన దాటాక కూడా లోపలికి నడవాల్సిన పల్లెలున్నాయి. నీ జీపు ఆగే చోటే పని ఆగిపోకూడదు. ఆరేళ్ళు నిండిన పిల్లకు చదువు చట్టప్రకారం హక్కు. ఆ లోపు పిల్లలకు రాజ్యాంగం 45వ అధికరణం ప్రభుత్వం ప్రయత్నించాలని మాత్రమే చెబుతుంది. అందుకే ఈ పిల్లల తరఫున ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

సంక్రాంతి దాటాక కేంద్రాలు సగం ఖాళీ అవుతాయి. మిరప కోతలకు తల్లిదండ్రులు తెలుగు జిల్లాలకు పోతారు, పిల్లలు వాళ్ళ వెంటే. రిజిస్టరులో "గైర్హాజరు" అని రాసి ఊరుకోవద్దు. ఏ ఊరి చేనుకు పోతున్నారో ముందే అడిగి రాసి పెట్టుకో. అంగన్‌వాడీల ఫోను యాప్ పోషణ్ ట్రాకర్‌లో వలస వెళ్ళిన పిల్ల పేరు అక్కడి కేంద్రానికి మార్చే వీలుంది. అక్కడి కార్యకర్తకు నువ్వే ఫోను చెయ్యి, తెలుగువాళ్ళే కదా. ఏరు అంటే నీళ్ళని ఆమెకూ చెప్పు.

2016 శరదృతువు నీకు గుర్తుండే ఉంటుంది, నువ్వు హాస్టల్లో ఉన్నావు. మెదడువాపుతో జిల్లాలో రెండు మూడు నెలల్లో వందమందికి పైగా పిల్లలు పోయారు. ఆ రోజుల్లో పొద్దున చాప పరిచాక ఎవరు రాలేదో చూసుకోవడానికి మనసు ఒప్పేది కాదు. అప్పటినుంచి నాకు ఒక అలవాటు. రాని పిల్ల ఇంటికి ఆ రోజే, అన్నం తినకముందే మనిషిని పంపేదాన్ని. నీ కేంద్రాలన్నిటిలో ఇది పెట్టించు. మిగతావి ఆలస్యమైనా పరవాలేదు.

నీకోసం ఒక నోటుపుస్తకం తయారు చేస్తున్నాను. ఆ అయిదు మాటలు అడ్డంగా, భాషలు నిలువుగా. ఒడియా, బెంగాలీ, కోయ అయిపోయాయి. కోయ వరుసను గూడెంలో ముగ్గురు తల్లుల చేత విడివిడిగా చెప్పించుకుని సరిచూసుకున్నాను, ఈసారి నా తెలుగును నమ్మలేదు. దిదాయి వరుసలో రెండు మాటలు తప్ప మిగతావి చిత్రకొండ వైపు పాత సహాయకురాలు ఒకామె చెప్పింది. బోండా వరుస మొత్తం ఖాళీగా ఉంది. గురువారం ఒనకడిల్లి సంతకు వాళ్ళు కొండ దిగి వస్తారు. నాకు అంత దూరం బస్సులో కూర్చునే ఓపిక లేదు. నువ్వు వెళ్ళు. పిల్లను చంకనెత్తుకున్న తల్లిని చూసి పక్కన కూర్చుని, మొదట నీళ్ళను ఏమంటారో అడుగు. పుస్తకం వచ్చే వారం కలిమెల వచ్చే బస్సులో పంపిస్తాను.

అమ్మ