చెప్పకపోవడమూ నేరమే
పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే నేరమన్న సంగతి మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చాలామందికి తెలియదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాచిపెట్టినవారికి 6 నెలల వరకు జైలు, కింది ఉద్యోగి చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాస్తే ఏడాది వరకు. మా ఊళ్లో మాత్రం ‘పిల్ల పరువు పోతుంది’ అంటూ పెద్దలే తగువు తెగ్గొట్టేస్తారు (పోయేది ఎవరి పరువో మరి!). మొన్న బడి గోడ మీద చూశాను: ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098 హెల్ప్‌లైన్ నంబరుపై అడ్మిషన్ల పోస్టరు అంటించేశారు, చివరి 8 ఒక్కటే కనిపిస్తోంది. అమ్మానాన్నలు చెన్నైకో హైదరాబాద్‌కో వలసపోతే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఎవరికి చెప్పుకుంటారు? మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై కేసు ఉండదని కూడా చట్టంలోనే ఉంది. ఆ మాటను, 1098ని ప్రతి సచివాలయం, అంగన్‌వాడీ గోడ మీద చెరగని పెయింటుతో రాయించాలి. మహిళా పోలీసులు నెలకోసారైనా బడికొచ్చి, టీచర్లు పక్కన లేకుండా పిల్లలతో మాట్లాడాలి.
– ఒక పాఠకురాలు, టెక్కలి