ఫోనిక్స్ నేర్పే ముందు టీచర్లకు శిక్షణ ఇవ్వండి

సంపాదకుడు గారికి,

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే రాజోలు నుంచి అమలాపురం దాకా రోడ్డు పొడవునా స్కూళ్ల ఫ్లెక్సీలే. అబాకస్, కరాటేల పక్కన ఇప్పుడు ‘ఫోనిక్స్’ అనే మాట కూడా చేరింది. కొన్నిచోట్ల దానికి విడిగా ఫీజు, విడిగా వర్క్‌బుక్కులు. అంత కట్టలేని తల్లిదండ్రులు తమ పిల్లలకు ఏదో పెద్ద చదువు అందకుండా పోతోందని బెంగపడుతున్నారు. ఏళ్ల తరబడి ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్‌ని కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఫోనిక్స్ అంటే అక్షరం పేరు కన్నా ముందు అది పలికే శబ్దాన్ని నేర్పడం, అంతే. ‘సీ ఏ టీ క్యాట్’ అని వల్లె వేసిన పిల్లాడికి ఆ ఒక్క మాట వస్తుంది. అవే అక్షరాలు ఇంకో మాటలో ఎదురైతే నోరు పెగలదు. సీ, ఏ, టీ అనే పేర్లను ఎంత గబగబా కలిపినా క్యాట్ రాదు కదా, శబ్దాలు కలిపితేనే వస్తుంది. పైగా ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు దీని మీద చిన్న పరీక్ష పెడుతున్నారు. చదవాల్సిన 40 మాటల్లో 20 అర్థం లేని ఉత్తుత్తి మాటలు! బట్టీ పట్టినవాళ్లు వాటిని చదవలేరు, శబ్దాలు కలపడం వచ్చినవాళ్లు చదివేస్తారు. నాకు ఈ ఆలోచన చాలా నచ్చింది.

మన దగ్గర చిక్కంతా నేర్పే తీరులో వస్తోంది. హల్లు ఏదైనా మనకు తలకట్టుతోనే నోటికి వస్తుంది. అందుకే ‘బి’ శబ్దం చెప్పమంటే టీచరు ‘బ’ అంటారు, ‘జి’కి ‘గ’ అంటారు. పిల్లలు బుద్ధిగా ‘బ, ఇ, గ’ అని కలుపుకుంటూ పోయి ‘బఇగ’ దగ్గర ఆగిపోతారు. ‘బిగ్’ రాదు. అక్కడ పలకాల్సింది పొల్లు. తెలుగు పీరియడ్‌లో నకారపొల్లు నేర్పే టీచర్లకు ఇది కొత్త విద్యేమీ కాదు, ఇంగ్లీషు పీరియడ్‌లో గుర్తు చేసేవాళ్లే లేరు.

మాట చివర ఇంకో తిరకాసు ఉంది. మనం ఇంట్లో బస్సు, పెన్ను, కప్పు అంటాం. సాయంత్రం పూట మా వీధి పిల్లలకు డిక్టేషన్ చెబుతుంటాను. ‘కప్’ రాయమంటే ఒక పాప సి, యు, రెండు పీలు, చివర మళ్లీ యు రాసింది. ఇంట్లో వినే మాటలోని శబ్దాలన్నీ ఒక్కటీ వదలకుండా పట్టుకుంది! అంత చురుకైన చెవి ఉన్న పిల్లకు రెండు మాటలూ పక్కపక్కన పలికి తేడా వినిపిస్తే సరిపోతుంది. ఎర్ర ఇంకుతో ఇంటూ పెట్టి పదిసార్లు ఇంపోజిషన్ రాయిస్తే మాత్రం ఇంగ్లీషు పుస్తకం తీయాలంటేనే టెన్షన్ పట్టుకుంటుంది.

అసలు శబ్దం పట్టుకుని చదివించే పద్ధతి మనకు గుణింతంలోనే ఉంది. గుడిస్తే ‘కి’, కొమ్మిస్తే ‘కు’. ఒక్క హల్లుకు పట్టుబడితే మిగతావాటికీ అదే లెక్క. కానీ చాలా తరగతుల్లో అది పాటగా మిగిలింది. నోరు పాడుతుంటుంది, కళ్లు కిటికీ బయట ఉంటాయి. రెండో తరగతి పిల్లాడికి ‘పె’ చూపించి ఇదేమిట్రా అంటే, ‘ప’ దగ్గర వేలు పెట్టి ప, పా, పి, పీ అనుకుంటూ అక్కడిదాకా నడిచొచ్చి చెప్పాడు. వర్ణమాల చార్టు వరస కూడా చదవడానికి అనువైన వరస కాదు. ప, ల, క, త, వ అనే అయిదక్షరాలు ముందు నేర్పితే పలక, తల, వల, కల ఆ వారంలోనే చదివేస్తారు. ప, వ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆ రెండింటినీ ఒకే రోజు చెప్పకూడదు. న, స కూడా అంతే. తెలుగులో ఇలా చదవడం వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు శబ్దాలు త్వరగా పట్టుబడతాయి. కాబట్టి తెలుగు ముందు.

కోనసీమలో చాలా ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే పిల్లల్ని అమ్మమ్మే చూసుకుంటోంది. ఫోనిక్స్ వర్క్‌బుక్కు చూసి ఆవిడ ఏం చేయగలదు? పుస్తకం అక్కర్లేని పని మాత్రం బ్రహ్మాండంగా చేయగలదు. ‘కొబ్బరి’ అన్నప్పుడు మొదట ఏం వినిపించిందిరా, ‘రేవు’లో చివర ఏం వినిపించింది, ‘కా’తో మొదలయ్యే మాటలు ఎన్ని చెప్పగలవు అని అడగవచ్చు. చదువుకు పునాది ఈ వినికిడే. అంగన్‌వాడీల్లో రోజూ కాసేపు ఈ ఆట ఆడించమని కోరుతున్నాను.

మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. దానికి పెట్టుకున్న గడువు 2026-27. పోస్టర్లు, వీడియో లింకులతో ఆ పని అవ్వదు. చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట, ప్రైమరీ తరగతులు చెప్పే ఎస్జీటీలందరి చేతా శబ్దాలు పైకి పలికించి, విని, సరిదిద్దాలి. 2025 డీఎస్సీలో చేరిన కొత్త టీచర్లతో మొదలుపెడితే మరీ మంచిది. తనిఖీకి వచ్చే అధికారులు పాఠంలోని మాటలు కాకుండా పిల్లలు ఎప్పుడూ చూడని మాటలు బోర్డు మీద రాసి చదివించాలి. ఫోనిక్స్ పేరుతో విడిగా ఫీజు తీసుకునే స్కూళ్లను, అది చెప్పే టీచరుకు ఎక్కడ శిక్షణ ఇప్పించారో చూపించమని జిల్లా విద్యాశాఖ అడగాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
రాజోలు, కోనసీమ జిల్లా