మంచు ప్రాంతాలకు వెళ్లేవారి దుస్తుల గురించి

సంపాదకులకు,

నమస్కారం. స్కీయింగ్, స్నోబోర్డింగ్ నేర్చుకోవాలని గుల్మార్గ్, ఔలీ, మనాలీ వైపు ప్రయాణం కట్టే యువతీయువకులు మన విశాఖపట్నంలో ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున గుల్మార్గ్ ప్రాంతానికి చెందిన ఆరిఫ్ ఖాన్ ఒక్కడే పాల్గొన్నప్పటి నుంచి ఈ ఆట మనదీ కావచ్చునన్న నమ్మకం కూడా కొంత పెరిగింది. అయితే మీ పత్రిక పర్యాటక పేజీల్లో వచ్చే వ్యాసాలు ఎలా వెళ్లాలో, ఎక్కడ దిగాలో, ఎంత ఖర్చవుతుందో వివరంగా చెబుతూ, ఏం తొడుక్కోవాలన్న విషయాన్ని మాత్రం ‘మందపాటి దుస్తులు వెంట ఉంచుకోండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాయి. దుస్తుల పరిశ్రమలో నాణ్యతా విభాగంలో పనిచేస్తూ, మంచు మీద స్కీలు కట్టుకోవడం కూడా నేర్చుకున్న మనిషిగా ఆ ఒక్క వాక్యం చాలదని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మనకు చలి అంటే లంబసింగి, పాడేరు, అరకు. అక్కడ తెల్లవారుజామున పొగమంచులో నిలబడడానికి ఒక స్వెటరు, ఒక శాలువా, ఒక మంకీ క్యాప్ సరిపోతాయి, ఎందుకంటే అక్కడ మనం పెద్దగా కదలం, చెమట పట్టదు, కాసేపటికి ఎండ కూడా వచ్చేస్తుంది. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడి గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కార్) రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా తీసుకువెళ్తుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుందన్నది లెక్కలోకి తీసుకుంటే, కింద హోటల్ దగ్గర హాయిగా అనిపించిన జాకెట్ పైన ఎందుకు చాలదో అర్థమవుతుంది. ఇక నేర్చుకునేవారు రోజంతా పడుతూ లేస్తూ, బోర్డు భుజాన వేసుకుని వాలు ఎక్కుతూ ఉంటారు. ఒళ్లు వేడెక్కి చెమట పడుతుంది, ఆ వెంటనే లిఫ్ట్ కోసం వరుసలో కదలకుండా నిలబడవలసి వస్తుంది. ఒంటికి అంటుకున్న ఆ చెమటే అసలు ప్రమాదం. పొడిగాలితో పోలిస్తే నీరు సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది.

మా వీధిలోని ఒక కుర్రాడు క్రితం ఏడాది వెళ్లినప్పుడు కాటన్ బనియను, దాని మీద కాటన్ టీషర్టు, జీన్స్ ప్యాంటు, వీటన్నిటి పైన దూది నింపినట్టుండే కొత్త జాకెట్ వేసుకున్నాడు. జాకెట్ చాలా మందంగా ఉందని ఇంట్లో అందరూ ధైర్యపడ్డారు. మధ్యాహ్నానికి మోకాళ్ల దగ్గర మంచు కరిగి జీన్స్ నానిపోయింది. కొండ నీడ పడగానే ఆ తడి గడ్డకట్టి, మోకాలు వంచడమే కష్టమైందట. గదికి వచ్చి జాకెట్ విప్పితే బనియను పిండితే నీరు కారేంత తడిగా ఉందట. మిగిలిన రోజులు జ్వరంతో గదిలోనే గడిచాయి. ఆ కుర్రాడిది తప్పనడానికి వీల్లేదు, ఇక్కడ చెప్పేవారు ఎవరూ లేరు. మన ఉక్కపోతలో కాటన్‌ను మించిన బట్ట లేదు, కాబట్టి ఎక్కడికి వెళ్లినా కాటనే మేలని మనం నమ్ముతాం. చెమటను పీల్చుకుని తనలోనే ఉంచుకునే గుణం వల్లనే కాటన్ మనకు ఇక్కడ చల్లగా ఉంటుంది. మంచులో అదే గుణం ఒంటిని గడ్డకట్టిస్తుంది.

తడిసినా వెచ్చదనం పోని బట్ట ఏదో మన గొర్రెల కాపరులకు తరతరాలుగా తెలుసు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి వానలో తడిసినా కప్పుకున్నవాడిని కాపాడుతుంది. ఉన్ని పోగు తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపలికి పీల్చుకున్నా పైకి తడిగా తగలదు. గొంగడి ఉన్ని ముతక కనుక ఒంటికి గుచ్చుకుంటుంది; చర్మానికి ఆనుకుని వేసుకునే బట్టలకు వాడే మెరీనో జాతి గొర్రెల ఉన్ని పోగు మందం సాధారణంగా 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపే ఉంటుంది కాబట్టి గుచ్చుకోదు. పలుచని మెరీనో చొక్కా, పైజామా ఒక్కో జత ఉంటే చాలు. ఉన్నికి చెమట వాసన త్వరగా పట్టదు కనుక రోజూ ఉతకాల్సిన పనిలేదు, నాలుగైదు జతలు మోయాల్సిన పనీ లేదు. ధర ఎక్కువనుకునేవారు చెమటను బయటికి నెట్టే పాలియెస్టర్ లోదుస్తులు తీసుకోవచ్చు. అవి త్వరగా ఆరతాయి, కాకపోతే వాసన పడతాయి. మెరీనో కొనేవారు ‘రెస్పాన్సిబుల్ వూల్ స్టాండర్డ్’ గుర్తు ఉందేమో చూడాలని నా మనవి, ఎందుకంటే గొర్రెల తోక దగ్గరి చర్మాన్ని కోసే క్రూరమైన పద్ధతిని ఆ ప్రమాణం అనుమతించదు. మేజోళ్లు కూడా ఒక్క జతే, పలుచనివే వేసుకోవాలి. రెండు జతలు వేసుకుంటే బిగుతైన స్కీ బూటులో రక్తప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి.

ఒంటికి ఆనుకున్న ఈ బట్టల పైన వేసుకునే నడిమి పొర గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఇంట్లో ఉన్న ఫ్లీస్ (పాలియెస్టర్ పోగులతో చేసిన మెత్తని నూగు బట్ట) జాకెట్ గానీ, మంచి ఉన్ని స్వెటరు గానీ సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు.

కొనేవారు ఎక్కువ డబ్బు పోసేదీ, ఎక్కువ మోసపోయేదీ పై జాకెట్, ప్యాంటు దగ్గరే. లేబుల్ మీద 10,000, 20,000 అని రెండు అంకెలుంటాయి. బట్టను బిగించి దాని మీద నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతే ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటిస్తంభం దాకా నీరు చొరబడకుండా నిలిచిందో మొదటి అంకె చెబుతుంది. రెండో అంకె ఒక చదరపు మీటరు బట్ట గుండా 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోగలదో చెబుతుంది. దుకాణాల వాళ్లు మొదటి అంకెనే గొప్పగా చూపిస్తారు, రెండోదాని గురించి ఎవరూ అడగరు. చెమట బయటికి పోని జాకెట్, ఎంత గొప్ప వాటర్‌ప్రూఫ్ అయినా, లోపలి నుంచి మనల్ని తడుపుతుంది. రెండు అంకెలూ పది వేలకు తగ్గకుండా ఉండి, చంకల కింద తెరుచుకునే జిప్పులుంటే మన అవసరానికి ధారాళంగా సరిపోతుంది. స్నోబోర్డింగ్ నేర్చుకునేవారు బోర్డు బిగించుకోవడానికి మాటిమాటికి మంచు మీద కూర్చుంటారు, పడినప్పుడు మోకాళ్ల మీదా పిరుదుల మీదా పడతారు. శరీర బరువు ఆ చోట్ల నీటిని లోపలికి నెడుతుంది కాబట్టి, డబ్బు తక్కువైతే జాకెట్ దగ్గర పొదుపు చేసి ప్యాంటు దగ్గర మంచిది తీసుకోవడం తెలివైన పని.

నేను ఏ జాకెట్ చూసినా ముందు తిరగేసి లోపలి కుట్లు చూస్తాను. సూది దిగిన ప్రతిచోటా రంధ్రం ఉంటుంది. ఆ కుట్ల మీద సన్నని పట్టీ అతికించి ఉందా, అది అంచుల్లో లేచిపోతోందా అన్నది గోటితో గీరి చూస్తే తెలిసిపోతుంది. తర్వాత వేసుకుని దుకాణంలోనే గొంతుక్కూర్చోవాలి, చేతులు పైకెత్తాలి. నడుము బయటపడితే ఆ జాకెట్ పనికిరాదు, పడిన ప్రతిసారీ మంచు లోపలికి పోతుంది.

ఇక్కడ నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే విషయం ఒకటి ఉంది. నీటిబొట్టు జాకెట్ మీద ముత్యంలా జారిపోవడానికి పైబట్టకు ఒక పూత వేస్తారు. దశాబ్దాల పాటు ఆ పూతలో ఫ్లోరిన్ కలిసిన రసాయనాలే వాడారు. పీఫాస్ అని పిలిచే ఈ కుటుంబంలో వేల సమ్మేళనాలున్నాయి. కార్బన్, ఫ్లోరిన్‌ల మధ్య బంధం ఎంత గట్టిదంటే ప్రకృతిలో అది అంత సులభంగా విడిపోదు. ఈ రసాయనాలు మట్టిలోకి, నీటిలోకి, చివరికి మనుషుల రక్తంలోకి చేరి చాలా కాలం ఉండిపోతాయి. వీటిలో ఒకటైన పి.ఎఫ్.ఓ.ఎ.ను 2019లో, త్వరగా నశించని విషరసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందం కింద తొలగించవలసిన పదార్థాలలో చేర్చారు. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. స్కీ అడుగున రాసే మైనంలో ఫ్లోరిన్ ఉండకూడదని అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి తన పోటీల్లో నిషేధం అమలు చేస్తోంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, ఫ్రాన్స్‌లో 2026 జనవరి నుంచి పీఫాస్ కలిసిన దుస్తుల అమ్మకంపై కొన్ని మినహాయింపులతో నిషేధం వచ్చింది. ఇలా అక్కడ అమ్మడానికి వీల్లేని పాత సరుకు తగ్గింపు ధరలకు మన వంటి దేశాల దుకాణాలకు చేరే అవకాశం లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి విషవాయువు లీకైనప్పుడు జరిగింది చూసిన నగరం మనది. అక్కడి రసాయనం వేరు, ఇది వేరు. అయినా ఎవరో ఎక్కడో వాడుకునే వస్తువు కోసం ఏ ఊరి గాలి, ఏ ఊరి నీరు పాడవుతోందని అడిగే హక్కు మనకంటే ఎవరికి ఎక్కువ ఉంటుంది? అందుకే జాకెట్ కొనేటప్పుడు ‘పీఫాస్ లేదు’ అని లేబుల్ మీద స్పష్టంగా ఉందా అని అడగమంటున్నాను. ‘పి.ఎఫ్.ఓ.ఎ. లేదు’ అని మాత్రమే ఉంటే చాలదు, అదే కుటుంబంలోని మరో రసాయనం వాడి ఉండవచ్చు. ఫ్లోరిన్ లేని పూతలకు నూనె మరకలను ఆపే శక్తి తక్కువన్నదీ, వాటిని కాస్త తరచుగా ఉతికి, మళ్లీ పూత వేయవలసి వస్తుందన్నదీ నిజమే. కానీ మంచులో మనకు కావలసింది నీటి నుంచి రక్షణ, ఆ పని అవి చక్కగా చేస్తాయి.

మన్నిక విషయంలో విశాఖ వాసులకు మరో చిక్కు ఉంది, దీన్ని బయటి ఊళ్ల సలహాలు చెప్పవు. చాలా జాకెట్లలో నీటిని ఆపే పొర పాలియురితేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. వేడి, తేమ కలిసిన గాలిలో ఆ పొర నెమ్మదిగా విచ్ఛిన్నమై, మొదట జిగురుగా మారి, తర్వాత పొట్టులా రాలిపోతుంది. సముద్రం పక్కన ఉన్న మన ఇళ్ల బీరువాల్లో, అందులోనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడితే, ఒక్క ప్రయాణానికి కొన్న ఖరీదైన జాకెట్ రెండోసారి తీసేసరికి పనికిరాకుండా పోవచ్చు. మంచు చేయని నష్టాన్ని మన తేమ చేస్తుంది. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గాలి ఆడే చోట హ్యాంగర్‌కు వేలాడదీయాలి. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడడానికి వేసే ద్రవాలు అస్సలు వాడకూడదు, అవి పూతను చెడగొట్టి ఆవిరి పోయే దారిని మూసేస్తాయి. మెరీనో బట్టలకు పురుగు పట్టకుండా కలరా ఉండలో ఎండు వేపాకో పెట్టుకోవాలి. ఫ్లీస్ జాకెట్లను మాత్రం అవసరమైనప్పుడే, చల్లని నీటిలో ఉతకమని కోరుతున్నాను. ఉతికిన ప్రతిసారీ వాటి నుంచి రాలే సన్నని ప్లాస్టిక్ నూగు మురుగు కాలువల్లో, గెడ్డల్లో కలిసి మన సముద్రానికే చేరుతుంది. ప్లాస్టిక్ సీసాలను కరిగించి చేసిన ఫ్లీస్ అయినా నూగు రాలక మానదు.

ఈ కారణాలన్నిటి వల్ల, ఏటా వెళ్లేవారు తప్ప మిగిలినవారు పై జాకెట్, ప్యాంటు కొనకుండా ఉండడమే మంచిదని నా అభిప్రాయం. లోదుస్తులు, మేజోళ్లు, చేతి తొడుగులు, కళ్లజోడు మాత్రం సొంతవి ఉండాలి. మిగిలినవి స్కీ పరికరాలు ఇచ్చే చోటే అద్దెకు దొరుకుతాయి. అయితే మనాలీ నుంచి సోలంగ్ వెళ్లే దారి పొడవునా పర్యాటకులకు ఇచ్చే నిలువు తొడుగులు కాసేపు మంచులో ఆడుకోవడానికే గానీ రోజంతా స్కీయింగ్ చేయడానికి పనికిరావు. నేను చూసిన అద్దె దుకాణాల్లో ఆడపిల్లల కొలతలకు సరిపోయేవి కూడా అరుదుగానే ఉన్నాయి. ఈ లోటు తీర్చడానికి నగరంలోని కళాశాలల ఎన్.సి.సి. విభాగాలు, ట్రెక్కింగ్ బృందాలు కలిసి, అన్ని కొలతల్లో కొన్ని మంచి జతలు ఉమ్మడిగా కొని, తేమ లేని గదిలో భద్రపరచి, వెళ్లేవారికి స్వల్ప రుసుముతో ఇవ్వవచ్చు. చిరిగితే కుట్టి, పూత పోతే మళ్లీ వేయించి వాడితే ఒక్కో జత ఎంతోమందికి పనికొస్తుంది. కుట్టుపనికి కొదవ లేదు. అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాల్లో విదేశాలకు వెళ్లే బట్టలు కుట్టే నైపుణ్యం ఉన్న మహిళలు వేల మంది మన జిల్లాల పల్లెల నుంచే వస్తున్నారు. జాకెట్ల మరమ్మతును ఒక చిన్న ఉపాధిగా మలచుకోవడానికి వారికి కావలసింది కుట్ల మీద పట్టీ అతికించే వేడి యంత్రం, కొంత శిక్షణ.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. మంచు ప్రాంతాల గురించి వ్యాసం వేసిన ప్రతిసారీ, పక్కన ఒక చిన్న పెట్టెలో ఏ పొర ఏ బట్టతో ఉండాలో, లేబుల్ మీద ఏ అంకెలు, ఏ మాటలు వెతకాలో, ఏవి కొనాలో ఏవి అద్దెకు తీసుకోవాలో అచ్చు వేయండి. నగరంలోని క్రీడా దుస్తుల దుకాణాలను కూడా పలకరించి, వారు అమ్మే జాకెట్లలో పీఫాస్ ఉందో లేదో అడిగి ఆ సమాధానాలు ప్రచురించండి. పెట్టెలోని సమాచారం సిద్ధం చేయడంలో నా వంతు సాయం చేస్తాను. సంక్రాంతి సెలవులకు ఢిల్లీ వైపు టికెట్లు ఇప్పటికే తీసుకున్న పిల్లలు మా పేటలోనే ఉన్నారు, వారు బజారుకు వెళ్లేలోగా అది వెలువడితే బాగుంటుంది.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
విశాఖపట్నం