తెగిన టెండాన్‌కు పదో రోజు గండం

సంపాదకులకు,

తెగిన టెండాన్‌ను (కండను ఎముకకు కలిపే తాడులాంటి పీచును) గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ పూసిన దారంతో కుడితే త్వరగా అతుక్కుంటుందన్న మాట ఈమధ్య తరచు వినిపిస్తోంది. ఆలోచన మంచిదే. కానీ కోతల రోజుల్లో కొడవలి తగిలి వేళ్లు తెగినవాళ్లకు ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆ దారం రాకముందే జరగాల్సినవి చాలా ఉన్నాయి.

మనవైపు దీన్ని ‘నరం తెగింది’ అంటారు. మొదటి పొరపాటు ఇక్కడే. నరం తెగితే వేలి కొస తిమ్మిరెక్కి స్పర్శ పోతుంది. టెండాన్ తెగితే స్పర్శ ఉంటుంది, వేలు ముడవదు. అరచేతి వైపు గాయంలో రెండూ కలిసి తెగవచ్చు కాబట్టి రెండూ చూడాలి. దీనికి యంత్రాలేమీ అక్కర్లేదు. వేలి మధ్య కణుపును కదలకుండా పట్టుకుని కొసను ముడవమనాలి; ముడవకపోతే వేలిని ముడిచే రెండు టెండాన్లలో లోపలిది తెగినట్టే. మిగతా వేళ్లను చాపి పట్టుకుని గాయమైన వేలిని మధ్య కణుపు దగ్గర ముడవమంటే పై టెండాన్ సంగతి తెలుస్తుంది. రెండు నిమిషాల పని. అది చేయకుండా చర్మానికి మాత్రం కుట్లు వేసి పంపితే, పైన గాయం పది రోజుల్లో మానిపోతుంది, లోపల తెగిన కొస అరచేతిలోకి జారిపోతుంది. 3, 4 వారాలు దాటాక కండ కుంచించుకుని కొసలు కలవవు, టెండాన్ జారే తొడుగు మూసుకుపోతుంది. అప్పుడు ఆ దారి మళ్లీ ఏర్పడేందుకు ముందు సిలికాన్ కడ్డీ పెట్టి, కొన్ని నెలలాగి, మరోచోటి నుంచి తీసిన టెండాన్‌ను అతకాలి. రెండు ఆపరేషన్లు! శుభ్రమైన గాయాన్ని మొదటి రోజే, కుదరకపోతే పది పద్నాలుగు రోజుల్లోపు కుడితే ఒక్క ఆపరేషన్‌తో అయ్యేది.

ఇక ఆ దారం సంగతి. టెండాన్‌లో రక్తనాళాలు తక్కువ, కణాలూ తక్కువే. కుట్టిన తర్వాత కొసలు ముందు మెత్తబడతాయి, దారం ఆ మెత్తటి పీచును కోసుకుంటూ జారుతుంది. అందుకే 5 నుంచి 10వ రోజు మధ్య కుట్టు, వేసిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. కొసల మధ్య 3 మిల్లీమీటర్లకు మించి ఎడం పడితే తర్వాత రావాల్సిన బలం సరిగా రాదు. గ్రోత్ ఫ్యాక్టర్లు కణాలను రప్పించి, కొల్లాజెన్ (టెండాన్‌కు బలమిచ్చే పీచు పదార్థం) తయారుచేయించే ప్రోటీన్లు. వాటిని సరిగ్గా ఈ గండం గడిపించడానికే దారానికి పూస్తున్నారు. ఎలుకల మడమ టెండాన్‌ను జీడీఎఫ్-5 అనే గ్రోత్ ఫ్యాక్టర్ పూసిన దారంతో కుడితే 3వ వారంలో బలం ఎక్కువగా కనిపించింది. 6వ వారానికి మామూలు దారంతో పోలిస్తే ఆ తేడా దాదాపు పోయింది. మా దృష్టిలో ఇది వైఫల్యం కాదు. వేలిని కదిలించే వ్యాయామాలు చేయించేది ఆ మొదటి వారాల్లోనే.

చిక్కులు వేరే ఉన్నాయి. పూత పట్టేది సెంటీమీటరుకు నానోగ్రాముల్లో. దారం కణజాలంలోంచి దూరేటప్పుడు కొంత రాసుకుపోతుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే కరిగిపోతుంది. కణాలు పెరిగి పని అందుకునే వేళకు మందు ఉండదు. దారాన్ని శుద్ధిచేసే వేడి, రేడియేషన్ ఆ ప్రోటీన్‌నే పాడుచేయగలవు. మోతాదు పెంచుదామా అంటే, కొన్ని ప్రయోగాల్లో టెండాన్ లోపల మృదులాస్థి పుట్టింది. కుక్కల కాలివేళ్ల టెండాన్‌కు బీఎఫ్‌జీఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ అందించి చూస్తే బలం పెరగలేదు సరికదా, చుట్టూ అంటుకోవడం పెరిగింది. తొడుగుకు అంటుకున్న టెండాన్ ఎంత గట్టిదైనా ఆ వేలు ముడవదు. చేతి వేళ్లకు ఈ దారం ఇంకా పరిశోధన దశలోనే ఉంది. బజారులో ఉన్న ట్రైక్లోసాన్ పూత దారం సూక్ష్మక్రిములను అడ్డుకోవడానికి, దీనికీ దానికీ సంబంధం లేదు. గ్రోత్ ఫ్యాక్టర్ దారం పేరు చెప్పి ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఇవాళ చేతిలో ఉన్న పద్ధతి తక్కువదేమీ కాదు. కరగని 3-0 లేదా 4-0 మందం దారంతో తెగిన చోటును కనీసం 4 పోగులు దాటేలా, కొసకు సుమారు ఒక సెంటీమీటరు దూరం నుంచి పట్టుకుని కుట్టాలి. అంచు చుట్టూ సన్నని 6-0 దారంతో కుట్టు తిప్పితే బలమూ పెరుగుతుంది, టెండాన్ నున్నగా జారుతుంది కూడా. తర్వాత చేతి వెనకవైపు గట్టి పట్టీ (స్ప్లింట్): మణికట్టు కొంచెం వంచి, మెటికలు 50 నుంచి 70 డిగ్రీలు వంచి, వేళ్లు చాపి. 3 నుంచి 5 రోజుల్లో వ్యాయామం మొదలవ్వాలి. రెండో చేత్తో వేలిని మెల్లగా అరచేతికి ముడిచి, పట్టీకి తగిలేదాకా చాపాలి. తనంతట తానుగా ఎప్పుడు ముడవాలో చికిత్స చేసేవాళ్లు చెబుతారు.

పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. అన్నం కలుపుకోవడానికి కుడిచేతి పట్టీ విప్పేస్తారు, రెండో వారంలో కుట్టు తెగుతుంది. లేదా భయపడి ఆరు వారాలు కదల్చరు, వేలు బిగుసుకుపోతుంది. ఈ రెండు తప్పులకూ ఒకే మూలం ఉంది: ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీ ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. చదివేది తెలుగువాళ్లు, కొండమీద సవరలు.

ముడవని వేలితో వచ్చినవాళ్లను అదే రోజు బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీలకో విశాఖ కేజీహెచ్‌కో పంపే ఏర్పాటు చేయాలని సరిహద్దు జిల్లాల ఆరోగ్య అధికారులను కోరుతున్నాం. ఆ చీటీ తెలుగులోనూ, సవరల కోసం బొమ్మలతోనూ అచ్చువేయించాలి. గాయం కుడిచేతికైతే పట్టీ విప్పకుండా ఎడమచేత్తో తినాలని, 12 వారాల దాకా గాయమైన చేత్తో నీళ్ల బిందె ఎత్తకూడదని అందులో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

— చేతి గాయాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టులు, పర్లాకిమిడి