బెయిల్ వచ్చింది, జామీను లేదు

సంపాదకుడి గారికి,

నెల్లూరు జిల్లాలో ఒక కోర్టు ఎదురుగా టైపు, జిరాక్సు షాపు నడుపుకుంటున్నాను. బెయిల్ పిటిషన్లు, జామీను అఫిడవిట్లు రోజూ నా చేతుల మీదుగానే పోతుంటాయి. జామీనంటే ముద్దాయి వాయిదాలకు వస్తాడని వేరేవాళ్లు పడే పూచీ. కోర్టు బెయిల్ ఇచ్చిన తర్వాత కూడా ఆ జామీను పెట్టే దిక్కు లేక జైల్లోనే ఉండిపోతున్న పేదల సంగతి మీ పత్రిక ద్వారా పెద్దల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆర్డరు రాగానే మనిషి ఇంటికి వచ్చేస్తాడని చాలామంది అనుకుంటారు. కానీ ఆర్డరు చివర షరతు ఉంటుంది. ఫలానా మొత్తానికి ముద్దాయి సొంత పూచీకత్తు ఇవ్వాలి, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు రావాలి. ఆ ఇద్దరూ పాసుపుస్తకమో, ఇంటి పన్ను రసీదో, ఆస్తి విలువ సర్టిఫికెట్టో, ఉద్యోగస్తులైతే జీతం సర్టిఫికెట్టో చూపించాలి. నలుగురు తెలిసినవాళ్లున్న ఇంట్లో ఇది ఒక పూట పని. మన జిల్లాలో చెరువు కట్టల మీదా, కాలవ గట్ల మీదా గుడిసెలు వేసుకుని బతికే యానాది గిరిజనులకు మాత్రం ఇది దాటలేని గోడ.

ఈ మధ్య ఒకామె వచ్చింది. భర్త రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి. గుంటల నీళ్లకు గాలి ఎక్కించే ఏరియేటర్ మోటార్లు పోయాయని అతని మీద దొంగతనం కేసు. బెయిల్ వచ్చి చాలా రోజులైనా మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, చివరికి కూతురి బడి సర్టిఫికెట్టు కూడా తీసి నా బల్ల మీద పరిచింది. "ఇన్ని కాయితాలుండాయి గదయ్యా, వీటిల్లో ఒక్కటీ పనికిరాదా?" అని అడిగింది. పోరంబోకులో ఉన్న గుడిసెకు పన్ను రసీదు ఎక్కడిది? చుట్టాలందరిదీ అదే బతుకు. ఊళ్లో ఆస్తి ఉన్నవాళ్లలో ఆమెకు తెలిసింది గుంటల యజమాని ఒక్కడే, కేసు పెట్టింది ఆయనే.

ఇలాంటి అవసరం మీదే అద్దె జామీనుదారుల వ్యాపారం నడుస్తోంది. సంతకానికి ఇంత అని మాట్లాడుకుంటారు. రోజు కూలీకి అది వడ్డీకి తెచ్చుకోవాల్సిన డబ్బు. ఆ కాగితాలు దొంగవని తేలితే ఇంకో కేసు నెత్తిన పడుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది దీని తర్వాత జరిగేది. లోపలున్న మనిషి నెలల తరబడి ఎదురుచూసి విసిగిపోతాడు. నేరం ఒప్పుకుంటే ఇన్నాళ్లూ ఉన్న రోజులు శిక్షలో తగ్గించి వదిలేస్తారని పక్క ఖైదీ చెబుతాడు. అది నిజమే, చట్టంలో ఆ తగ్గింపు ఉంది. దాంతో చేశాడో లేదో ఎవరూ విచారించకుండానే, సాక్షిని ఒక్క ప్రశ్న అడగకుండానే, ఇంటికి పోవాలన్న ఆత్రంతో తల ఊపేస్తాడు. ఇక ఆ ప్రాంతంలో ఎక్కడ ఏ మోటారు పోయినా పోలీసు జీపు ముందు వాళ్ల గుడిసె దగ్గరే ఆగుతుంది. పుట్టుకను బట్టి మనుషుల్ని దొంగలుగా రాసిపెట్టిన నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్మెంటు మన బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలోనే ఉండేది. విచారణ లేకుండా పడే ఈ దొంగ ముద్ర ఆ పాత పనినే ఇంకో దారిలో చేస్తోంది.

కేసు నడపాలన్నా మనిషి బయట ఉండాలి. ఆ రాత్రి తను ఎక్కడున్నాడో, ఎవరు చూశారో ముద్దాయికే తెలుసు. ఆ సాక్షుల్ని వెతికి లాయరు దగ్గరికి తీసుకురావాల్సింది కూడా అతనే. జైలు ములాఖత్‌లో పది నిమిషాలు మాట్లాడి ఏ లాయరు మాత్రం ఏం వాదిస్తాడు?

జామీను లేకుండా వదిలితే పారిపోతారని అంటారు. మోటార్లు పోగొట్టుకున్న రైతు నష్టం చిన్నదని నేను అనను, ముద్దాయి వాయిదాలకు రావాల్సిందే. రాకపోతే భారతీయ న్యాయ సంహిత 269వ సెక్షన్ కింద అది వేరే నేరం. కానీ ఊరు దాటితే పని దొరకని మనిషి, పెళ్లాం పిల్లలు అదే కట్ట మీద ఉన్న మనిషి, ఎక్కడికి పారిపోతాడు? 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ మాటే చెప్పారు. మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగారు. అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతని జామీను తీసుకోలేదు. సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని వెయ్యికి తగ్గించి, సొంత పూచీకత్తు మీద వదలమంది. బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో ఒక తెలుగువాడిని అరెస్టు చేస్తే స్థానిక జామీను ఎక్కడి నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. ఇవాళ చీమకుర్తి గ్రానైట్ పనుల్లో ఉన్న ఒడిశా, బిహార్ కుర్రాళ్ల తరఫున మనం అడగాల్సిన ప్రశ్న కూడా అదే.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు, పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే తనంతట తాను పరిశీలించవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదల ఆలస్యమవుతోందని కూడా చెప్పింది. బెయిల్ హక్కుగా దొరికే బెయిలబుల్ కేసుల్లోనైతే అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేనివాడిని పేదవాడిగానే భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్ చెబుతోంది. జామీనుదారులకు బదులు నగదు డిపాజిట్ చేసే వీలుంది. బెయిల్ సొమ్ము కట్టలేని పేద ఖైదీలకు నగదు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది, దానికి జిల్లాలో కమిటీ ఉండాలి. నా బల్ల ముందు నిలబడ్డ వాళ్లలో ఈ పథకం పేరు విన్నవాళ్లు నాకు కనపడలేదు.

కాబట్టి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కోరేది ఇది. బెయిల్ వచ్చి ఏడు రోజులు దాటినా చెముడుగుంట కేంద్ర కారాగారంలో, సబ్ జైళ్లలో ఉన్నవాళ్ల జాబితా వారం వారం తెప్పించుకోవాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును అడిగే హక్కు ఉంది. ఆ లాయరు పని బెయిల్ ఆర్డరుతో అయిపోయిందనుకోకుండా, జామీను పెట్టలేని ప్రతి కేసులో షరతు సడలించమని వెంటనే పిటిషన్ వేయాలి. ఉచిత న్యాయ సాయం కోసం ఫోను చేసే 15100 నంబరు, నగదు సాయం పథకం వివరాలు ప్రతి కోర్టు గేటు దగ్గర, ప్రతి సబ్ జైలు ములాఖత్ గది దగ్గర పెద్ద తెలుగు అక్షరాలతో రాయించాలి. చదవలేనివాళ్లకు చెప్పడానికి ఉదయం పూట న్యాయ సేవా సంస్థ తరఫున పనిచేసే ఒక పారా లీగల్ వాలంటీరును అక్కడ కూర్చోబెట్టాలి. గుడిసెల్లో ఉండేవాళ్లు అడిగితే, ఫలానా కుటుంబం ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటోందని వీఆర్వోలు ఒక కాగితం రాసివ్వాలి. ఆస్తి సర్టిఫికెట్టు లేనిచోట కోర్టులు దాన్ని లెక్కలోకి తీసుకోవాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక టైపిస్టు,
నెల్లూరు జిల్లా