విప్పకముందే కొలవండి: మలయ్ కొయ్య ఇళ్లు, మన మండువా లోగిళ్లు

సంపాదకులకు నమస్కారం.

మలేసియాలో పాత మలయ్ కొయ్య ఇళ్లను కంప్యూటర్ సాయంతో కాపాడుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నేను చెన్నైలో సర్వే పనిలో ఉన్నాను, లేజర్ స్కానర్‌తో కట్టడాలు కొలవడమే నా ఉద్యోగం. అందుకే అందులో రాని ఒకటి రెండు సంగతులు చెప్పాలనిపించింది.

మలయ్ ఇంటిని స్తంభాల మీద లేపి కడతారు, కింద గాలి ఆడుతుంది, నీరొచ్చినా ఇంట్లోకి చేరదు. ముందు సెరంబి అనే వరండా, తర్వాత రుమా ఇబు అనే అసలు ఇల్లు, వెనక వంటిల్లు. మంచి ఇళ్లకు చెంగల్ అనే గట్టి కలప వాడతారు. మేకులతో పని లేదు. ఒక కొయ్యకు బెజ్జం కొట్టి, ఇంకో కొయ్య కొసను అందులో దూర్చి, చెక్క చీలలతో బిగిస్తారు. కాబట్టి ఇంటిని విప్పి ఇంకోచోట నిలబెట్టుకోవచ్చు. కెడా రాష్ట్రంలో అబూ సెమాన్ అనే గ్రామపెద్ద ఇల్లు పాడుబడుతుంటే, బదాన్ వారిసాన్ మలేసియా అనే సంస్థ 1996లో దాన్ని విప్పించి కౌలాలంపూర్‌కు తెచ్చి నిలబెట్టింది. తర్వాత జనం చూడటానికి తెరిచారు.

ఇలాంటి ఇంటిని స్కాన్ చేయడంలో ఒక చిక్కుంది. లేజర్ పైపై ముఖాన్నే చూస్తుంది. గోడ వంకర, నేల వాలు, దూలం ఎంత కుంగింది అన్నీ మిల్లీమీటర్లలో వచ్చేస్తాయి, లేజర్ కొలిచిన కోట్ల చుక్కలతో ఇల్లు స్క్రీన్ మీద కళ్లముందే తిరుగుతుంది, కానీ ఆ ఇంటి ప్రాణమంతా ఉన్న అతుకు మాత్రం కొయ్య లోపల ఉంటుంది, అది ఏ లేజర్ స్కానర్‌కూ కనబడదు. మరమ్మతు కోసం విప్పినప్పుడే ఒక్కో ముక్కకు నంబరు వేసి, బెజ్జాన్ని విడిగా కొలిచి, ఏది ముందు దూర్చాలి, ఏది తర్వాత అని ఆ పని తెలిసిన వడ్రంగి పక్కన కూర్చుని వీడియో తీసుకోవాలి. అప్పుడు కంప్యూటర్‌లో ప్రతి స్తంభమూ విడి భాగంగా ఉంటుంది, అది ఏ కలప, ఎక్కడ చెద పట్టింది, ఎప్పుడు మార్చారు అన్నీ దానికే అంటిపెట్టుకుని ఉంటాయి. అలా చేయకుండా త్రీడీ టూర్ పెట్టి ఇల్లు కాపాడేశాం అనుకుంటే నాకు బాధేస్తుంది. యూనివర్సిటీ టెక్నాలజీ మలేసియాలోని కలాం అనే కేంద్రం విద్యార్థుల చేత పాత ఇళ్లను కొలిపించి, డ్రాయింగులు గీయించి దాచింది. ఇప్పుడు చేసే స్కాన్లకు అలాంటి పనే పునాది.

మన సంగతికొస్తే, కోనసీమలో మా ఊళ్లో ఒక మండువా లోగిలి అన్నదమ్ముల పంపకాల్లో విప్పేశారు. టేకు స్తంభాలు, గుమ్మాలు, చెక్కడం ఉన్న దూలాలు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. రాతి దిమ్మెలు మాత్రం మిగిలాయి, ఏ స్తంభం ఏ దిమ్మె మీద నిలబడిందో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఒక్క కాగితం మీద కూడా కొలత లేదు. అమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను. అంత పెద్ద ఇంటికి ఏటా పెంకు సర్దించాలంటే ఎంతవుతుందో సొంతదారుకే తెలుసు. కానీ కొలతలు తీసుకోవడానికి రెండు రోజులు చాలు కదండీ!

చెన్నై పక్కన ముట్టుకాడులో 1996 నుంచి దక్షిణచిత్ర ఉంది. చెట్టినాడు ఇల్లు, కేరళ ఇల్లు, మన తెలుగు ఇళ్లు కూడా అక్కడ నడిచి చూడొచ్చు. అన్ని ఇళ్లనూ అలా తెచ్చి పెట్టలేం, ఒప్పుకుంటాను. డ్రాయింగులైనా దాచొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల ఆర్కిటెక్చర్ కాలేజీలు ఏటా ఒక ఊరు తీసుకుని, ఇంటివాళ్ల అనుమతితో కొలిచి, ఆ ఫైళ్లను ఎవరైనా తెరవగలిగే ఫార్మాట్‌లో ప్రభుత్వ గ్రంథాలయాల్లో పెట్టాలని నా విన్నపం. ఫార్మాట్ మాట ఊరికే అనడం లేదు. పాత సాఫ్ట్‌వేర్‌లో దాచిన స్కాన్లు ఇవాళ తెరుచుకోక తలపట్టుకున్న సందర్భాలు నా పనిలోనే ఉన్నాయి.

ఈలోగా ఎవరింట్లోనైనా పాత ఇల్లు విప్పే ఆలోచన ఉంటే, చేతిలో ఫోను చాలు. ప్రతి స్తంభం చుట్టూ తిరుగుతూ, ముందు ఫొటోలో వచ్చిన భాగం తర్వాతి ఫొటోలో సగానికి పైగా మళ్లీ కనబడేలా తీయండి, పక్కన ఒక కొలత టేపు పెట్టండి. మండువా నాలుగు మూలలూ, పైకప్పు అడుగు భాగమూ మరిచిపోవద్దు. విప్పుతున్నప్పుడు ప్రతి కొయ్య మీద సుద్దముక్కతో నంబరు వేయించి, అతుకుల్ని దగ్గర నుంచి తీయండి. వాటితో త్రీడీ నమూనా తర్వాత తీరిగ్గా ఎవరైనా చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వేళచ్చేరి, చెన్నై